పాటలో ‘ప్’ తీసేస్తే ఆట: శబ్దాల ప్రాజెక్టు డైరీ

మొదలుపెట్టే ముందు

నాలుగేళ్ళు దాటి ఆరేళ్ళు నిండని పిల్లలు, చిన్న గుంపు, సాయంత్రాలు, కూర్చున్నప్పుడల్లా ఓ పావుగంట. ఇదీ ప్రాజెక్టు. పలక, పుస్తకం, ఫోను ఏవీ ఉండవు. గోడ మీద అక్షరాల చార్టు ఉంది, దాని మీద దుప్పటి వేలాడదీశాను. మాటలో ఏ శబ్దాలున్నాయో చెవితో పట్టుకోవడం, వాటిని విడదీయడం, అతికించడం, ఒకటి లాగేసి ఇంకోటి పెట్టడం, ప్రస్తుతానికి అంతవరకే. అక్షరాలు తర్వాత.

ఆలోచన కొత్తదేమీ కాదు. 1983లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు లినెట్ బ్రాడ్లీ, పీటర్ బ్రయంట్ దాదాపు 400 మంది చిన్నపిల్లలకి కొన్ని మాటలు వినిపించి, వీటిలో మిగతావాటితో కలవనిది ఏదో చెప్పమన్నారు. ఆ తర్వాత కొన్నేళ్ళు వాళ్ళ చదువు ఎలా సాగిందో చూశారు. చదవడం రాకముందే శబ్దాల తేడా పట్టగలిగినవాళ్ళు, తర్వాత చదవడంలోనూ స్పెల్లింగులోనూ ముందున్నారు. వెనకబడ్డ కొందరికి ఈ శబ్దాల ఆటలు నేర్పి కూడా చూశారు. ఆటలకి ప్లాస్టిక్ అక్షరాలు జోడించిన గుంపు అందరికంటే బాగా చదివింది. ఈ చివరి ముక్క నేను గుర్తు పెట్టుకున్నాను, అంటే గోడ మీది దుప్పటి ఎప్పుడో ఒకప్పుడు తీయాల్సిందే.

చిక్కేమిటంటే, ఈ ఆటల పేరుతో దొరికే జాబితాలన్నీ క్యాట్, హ్యాట్, బ్యాట్ చుట్టూ తిరుగుతాయి. ఆ మాటలు ఒక్క దెబ్బకి అయిపోతాయి, చివర హల్లుతో ఆగుతాయి. మన మాటలు అలా ఉండవు. ఎక్కువ భాగం అచ్చుతో ముగుస్తాయి, రెండు మూడు ముక్కలు తప్పకుండా ఉంటాయి, పైగా దీర్ఘాలు, ఒత్తులు. ఆ జాబితాని తెలుగులోకి దించుకుంటే ఏమీ రాదు. కాబట్టి మాటల పట్టిక మొత్తం సొంతంగా రాసుకోవాలి. అసలు పని అదే, పిల్లలతో ఆడేది అందులో సగం కూడా ఉండదు.

చప్పట్ల వారం

మాటని ముక్కలుగా చెప్పి చప్పట్లు కొట్టడం: పి, ల్లి. గొ, డు, గు. ఇది చెప్పీ చెప్పకముందే వచ్చేసింది, అందుకని దీని గురించి ఎక్కువ రాయను. ఇసబెల్ లీబర్‌మన్ బృందం 1974లో చేసిన కర్రముక్కతో కొట్టే పరీక్షలో, నాలుగేళ్ళ పిల్లల్లో దాదాపు సగం మంది మాటని ముక్కలుగా కొట్టగలిగారు, కానీ విడి శబ్దాలుగా కొట్టమంటే ఒక్కరూ చేయలేకపోయారు. ఆరేళ్ళు వచ్చేసరికి ముక్కలు 90 శాతం మందికి, విడి శబ్దాలు 70 శాతం మందికి వచ్చాయి. అవి ఇంగ్లీషు పిల్లల లెక్కలు. మన దగ్గర మొదటి మెట్టు ఇంకా సులువనిపిస్తోంది, ఎందుకంటే తెలుగులో మాటే అలా ముక్కలు ముక్కలుగా నోట్లోంచి వస్తుంది.

ఒక్క గొడవ మాత్రం బాగా నడిచింది. ‘పెన్’కి ఎన్ని చప్పట్లు? ఒకటి అంది ఒక పిల్ల. రెండు అన్నాడు పక్కనవాడు, వాడి ఇంట్లో అది పెన్ను. ఇద్దరూ కరెక్టే అన్నాను, ఇద్దరికీ నచ్చలేదు. బస్, బస్సు కూడా అంతే. తెలుగు నోరు చివరి హల్లుకి ఒక ఉకారం తగిలించి గానీ వదలదు కదా, ఆ తగిలించిన ముక్క పిల్లల చెవికి స్పష్టంగా వినపడుతోందని మాత్రం ఈ గొడవ వల్ల తెలిసింది.

కాస్త పెద్దవాళ్ళకి క భాష కూడా పరిచయం చేశాను, ప్రతి ముక్క ముందూ ‘క’ పెట్టడం. నేను అంటే కనే కను. అది పెద్దవాళ్ళకి తెలియకుండా మాట్లాడుకోవడానికి పిల్లలే కనిపెట్టుకున్న భాష, పరిశోధకులు పుట్టకముందే ఈ ఆట ఉండి ఉంటుందని నా అనుమానం. ‘నువ్వు’ దగ్గర మాత్రం ఒత్తు ఎటు పోవాలో తలా ఒక రకంగా తేల్చారు, నేను వేలు పెట్టలేదు.

‘మేడ’లో మొదట ఏం వినిపించింది?

ఇక్కడి నుంచి అసలు సంగతి. ఈ ప్రశ్న వేస్తే అందరూ ఒకే జవాబు చెప్పారు: “మే.”

ఇంగ్లీషు జాబితా ప్రకారం దీనికి జవాబు ‘మ్’. అలా తయారుచేసిన వర్క్‌షీటు పట్టుకుని కూర్చున్నవాళ్ళు ఈ పిల్లలందరికీ సున్నా వేస్తారు. కానీ ‘మే’ తప్పెలా అవుతుంది? చెవికి వినపడిన మొదటి ముక్క అదే, రేపు పలక మీద రాయబోయేదీ అదే. మన లిపిలో ఒక అక్షరం అంటే హల్లూ అచ్చూ కలిసిన గడ్డ. దాన్ని పగలగొట్టి లోపల రెండు శబ్దాలున్నాయని చూపించడమే మనకి కష్టమైన మెట్టు, ఇంగ్లీషు వాళ్ళ మెట్లు వేరే చోట ఉంటాయి. కన్నడ పిల్లల మీద సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనం కూడా ఇదే చెబుతుంది: ముక్కలు త్వరగా పట్టుబడతాయి, విడి శబ్దాల ఎరుక నెమ్మదిగా, ఆలస్యంగా వస్తుంది. లిపి తీరు ఒకటే కాబట్టి మనకీ అది వర్తిస్తుందనే లెక్కలో నడుస్తున్నాను.

ఆలస్యంగా వస్తే రానీ, పెద్దయ్యాక అదే వస్తుంది అనుకోవచ్చు. 1979లో జోసే మొరాయిస్ బృందం పోర్చుగల్‌లో చదువు రాని పెద్దవాళ్ళని పరీక్షించింది. మాట మొదట ఒక హల్లు చేర్చమంటే, తీసేయమంటే చాలామంది చేయలేకపోయారు. అదే ఊళ్ళ వాళ్ళు, పెద్దయ్యాక చదువు నేర్చుకున్నవాళ్ళు చేయగలిగారు. అంటే వయసుతో దానంతట అదే వచ్చేది కాదు, ఎవరో ఒకరు చూపించాలి.

ఎలా చూపించాలి అన్నదానికి ఒక చిన్న అడ్డం ఉంది. ‘క్’ అని విడిగా పలకడం కష్టం, ఎంత జాగ్రత్తగా అన్నా చివర కాస్త అకారం కారుతుంది. పైగా మన అక్షరం పేరే ‘క’. అందుకని సాగదీయగల శబ్దాలతోనే మొదలుపెట్టాను: మ్‌మ్‌మ్, న్‌న్‌న్, స్‌స్‌స్, ల్‌ల్‌ల్. పెదాలు మూసి ‘మ్‌మ్‌మ్’ అంటూ పిల్లలందరూ గదిలో తిరగాలి, నేను వేలు చూపించగానే నోరు తెరవాలి. “మ్‌మ్‌మ్…ఏ!” నోరు మూసి ఉన్నప్పుడు ఒకటి, తెరిచాక ఇంకొకటి అని వాళ్ళ మూతే వాళ్ళకి చెప్తుంది, నేను వివరించాల్సింది ఏమీ లేదు. ప, క, ట ఇవన్నీ తర్వాతకి వాయిదా.

దీర్ఘం, ఒత్తు

ఈ భాగం మీద అనుకున్నదానికంటే ఎక్కువ సమయం పెట్టాను, ఇంకా పెడతాను కూడా, ఎందుకంటే తెలుగులో మాట అర్థం మారిపోయేది ఎక్కువగా ఇక్కడే, ఇంగ్లీషు జాబితాల్లో దీని ఊసే ఉండదు.

మెడ, మేడ. పడు, పాడు. చేతి సైగ పెట్టుకున్నాం: పొట్టి శబ్దానికి తొడ మీద ఒక చిటికెన దెబ్బ, పొడుగుదానికి అరచేతిని తొడ మీద జారవిడవడం. ‘పడు’ అంటే కింద పడాలి, ‘పాడు’ అంటే ఏదో ఒకటి కూనిరాగం తీయాలి. పడేవాళ్ళే ఎక్కువ, అది శబ్దం వినకపోవడం వల్లో, పడటం సరదా కాబట్టో తేల్చడానికి వీలు లేకుండా ఉంది. అందుకని పడటం బదులు కూర్చోమని ఆజ్ఞ మార్చాను.

తర్వాత ఒత్తు తెచ్చాను: గడి, గడ్డి. ఇది కూడా పర్వాలేదు. అసలు తకరారు వచ్చింది పీట, పిట్ట దగ్గర, ఇంకా చెప్పాలంటే గూడు, గుడ్డు దగ్గర. రెండు బొమ్మలూ ముందు పెట్టి ఒక మాట అంటే, తడబడకుండా తీసిన పిల్లలు కూడా సైగ చేయమంటే రెండిటికీ చేతిని జారవిడిచేశారు. కాసేపు ఆలోచిస్తే ఛందస్సు గుర్తొచ్చింది. గూడులో ‘గూ’ దీర్ఘం కాబట్టి గురువు. గుడ్డులో ‘గు’ పొట్టిదే అయినా వెనక ద్విత్వం ఉంది కాబట్టి అదీ గురువే. రెండూ గురువు, లఘువు. రెండు మాత్రల కాలం పడుతుందన్న సంగతి పిల్లల చెయ్యి సరిగ్గానే పట్టుకుంది, ఆ కాలం దేనితో నిండిందో మాత్రం పట్టుకోలేదు.

కాబట్టి సైగ మూడు రకాలు చేశాం. పొట్టిదానికి దెబ్బ. దీర్ఘానికి జారుడు. ఒత్తుకి చెయ్యి గాల్లో బిగబట్టి ఆపి, అప్పుడు దెబ్బ: గు… డ్డు. నిజంగా నోట్లో జరిగేదీ అదే, ‘డ్డ’ పలికేటప్పుడు నాలుక అంగిలికి అంటుకుని ఒక క్షణం కదలదు, గాలి బయటికి రాదు. ఆ ఆగడాన్ని చేత్తో చూపించగానే తేడా తెలిసింది. పీట జారింది, పిట్ట ఆగింది. పెద్ద తరగతుల పిల్లలు రాతలో దీర్ఘానికి ఒత్తు, ఒత్తుకి దీర్ఘం రాయడం నేను చాలా చూశాను, దాని మూలం ఇక్కడ ఉందేమో అని ఒక అనుమానం.

ప్రాసలు, క్లుప్తంగా

చివరి శబ్దం కలిసే మాటలు చెప్పమంటే మన పిల్లలు ఆపరు. చూశాడు, వెళ్ళాడు, వచ్చాడు, పడ్డాడు… క్రియకి ప్రత్యయం తగిలిస్తే చాలు ప్రాస కుదిరిపోతుంది, చెవికి పనేమీ ఉండదు. అందుకని క్రియలు, ‘లు’ చేరిన బహువచనాలు నిషేధం అన్నాను. చెట్టు, మెట్టు, గట్టు. కొమ్మ, బొమ్మ. చుక్క, ముక్క, నక్క. ఇలాంటివే చెల్లుతాయి. ‘తట్టుబిట్టు’ అని ఒకడు సొంతంగా ఒక మాట పుట్టించాడు, దానికీ మార్కులిచ్చాను, అర్థం లేని మాటకి ప్రాస కుదిర్చాడంటే శబ్దం మీదే ధ్యాస ఉన్నట్టు.

లాగు, ఆగు

ఇప్పటివరకూ కుదిరిన ఆటల్లో నాకు బాగా నచ్చింది ఇది.

మాట మొదటి హల్లుని తీసేస్తే ఇంకో నిజమైన మాట మిగలాలి, పట్టిక అలా రాయాలి. కూర్చుంటే చాలానే దొరికాయి. పాట, మాట, బాట ఏది తీసుకున్నా ‘ఆట’ మిగులుతుంది. నక్కలో అక్క. పలకలో అలక. కడుగులో అడుగు. గోడలో ఓడ. గీతలో ఈత. విల్లులో ఇల్లు. పేరులో ఏరు. రాస్తూ పోతుంటే నాకే సరదా పట్టుకుంది, పిల్లలకి చూపించాల్సిన టైముకి కూడా రాస్తూనే ఉన్నాను.

కూర్చుని అడిగితే నాలుగేళ్ళవాళ్ళకి ఇది అందలేదు. అందుకని తాడు తెచ్చాను. ‘లాగు’ అంటే లాగాలి, ‘ఆగు’ అంటే ఆగాలి. ఇంక వినక తప్పదు, సరిగ్గా వినకపోతే పక్కవాళ్ళ మీద పడతారు. మొదట్లో ఒక్క శబ్దం ఉండటం, లేకపోవడం, అంతే తేడా. రెండు మూడు సాయంత్రాలయ్యాక ‘తాగు’, ‘దాగు’ కూడా కలిపాం, ఒకదానికి గ్లాసు ఎత్తినట్టు నటించాలి, ఇంకోదానికి మొహం దాచుకోవాలి. ‘ఊగు’ని కలిపితే అచ్చు మారడం కూడా వచ్చేస్తుంది: ఆగు, ఊగు. తర్వాత ఆజ్ఞ ఇచ్చే పని పిల్లలకే ఇచ్చాను. అక్కడే అసలు నేర్పు బయటపడింది, ఎందుకంటే ఎదుటివాణ్ణి బోల్తా కొట్టించాలంటే “ల్‌ల్‌ల్‌ల్…” అని బాగా సాగదీసి లాగమనాలి, లేదా చటుక్కున ఆగమనాలి. అలా సాగదీయడం నేను నేర్పలేదు. హల్లు వేరు, మిగతా ముక్క వేరు అని తెలియకపోతే ఆ మోసం చేయలేరు కదా!

పట్టికలో ఒక సవరణ. గోడ నుంచి ఓడ తీసే దగ్గర ఒక పాప “వోడ” అంది. నిజమే, మాట మొదట్లో ఒ, ఓ వస్తే మనం పలికేటప్పుడు ముందు కాస్త వకారం చేరుతుంది, ఇ, ఎ వస్తే యకారం: యిల్లు, యేరు. చెవిని బట్టి చూస్తే గోడలో ‘గ్’ పోయి ‘వ్’ వచ్చింది, తీసేసిందేమీ లేదు. పాప చెవి నా పట్టిక కంటే నిక్కచ్చిగా ఉంది. కాబట్టి అ, ఆ మిగిలే జంటలే ముందు: నక్క, అక్క. మాట, ఆట. లాగు, ఆగు. మిగతావి అక్షరాలు తెలిశాక.

అక్కడ, ఇక్కడ, ఎక్కడ

అచ్చు మార్చే ఆటకి జాబితా వెతుక్కోవాల్సిన పనే లేకపోయింది, భాషే సిద్ధం చేసి పెట్టింది. అది, ఇది, ఏది. అటు, ఇటు, ఎటు. అప్పుడు, ఇప్పుడు, ఎప్పుడు. మొదటి శబ్దం ఒక్కటి మారితే దూరం, దగ్గర, ప్రశ్న. గదిలో బంతి దాచి, వెతికేవాళ్ళు “ఎక్కడ?” అంటే మిగతావాళ్ళు “అక్కడ”, “ఇక్కడ” మాత్రమే అనాలి. ఒక పిల్లాడు ‘ఉక్కడ’ అని కొత్తది తెచ్చాడు, దానికి అర్థం మంచం కింద అట.

ఇక్కడ నన్ను ఆశ్చర్యపరిచేది ఒకటుంది. ‘పిల్లి’ని ఎక్కువ చేయమంటే నాలుగేళ్ళ పిల్ల కూడా ‘పిల్లులు’ అంటుంది, ‘పిల్లిలు’ అనదు. కాకి, కాకులు. పులి, పులులు. చివరి ఇకారాన్ని తీసి ఉకారం పెడుతోంది, అంటే ఆ అచ్చుని హల్లు నుంచి విడదీయడం నాలుకకి వచ్చు. అదే పిల్లని ‘పిల్లి చివర ఏముంది’ అని అడిగితే ‘ల్లి’ అంటుంది. నాలుకకి తెలిసినది చెప్పమంటే చెప్పలేదు.

ఈ ఆటల్లో చ, జ వాడటం మానేశాను. చాలామంది నోట ‘చారు’లోని చ వేరు, ‘చీర’లోని చ వేరు, అచ్చు మారిస్తే హల్లు కూడా మారిపోతుంది. ఒకేసారి రెండు మారితే ఆట పాడవుతుంది.

ఒక బామ్మగారి ప్రశ్న

మనవడిని తీసుకెళ్ళడానికి వచ్చి గుమ్మం దగ్గర కూర్చుని అంతా చూసి అడిగారు: “ఇదంతా ఎందుకమ్మా, మా రోజుల్లో గుణింతం వల్లె వేయించేవారు, అందరికీ చదువు రాలేదూ?”

సరైన ప్రశ్నే. గుణింతం అంటేనే హల్లుని కదలకుండా పెట్టి అచ్చుని మార్చుకుంటూ పోవడం, నేను చేసేది కూడా అదే. తేడా ఏమిటంటే వరసగా పాడితే రాగం మోసుకుపోతుంది, చెవికి పని తగలదు. “బామ్మగారూ, మీరే ఒక హల్లు అనండి, మేం అచ్చు చెప్తాం” అన్నాను. ఆవిడ ‘మ్’ అన్నారు, పిల్లలు ‘ఓ’ అన్నారు, అందరూ కలిపి ‘మో’. ‘న్’, ‘ఈ’, ‘నీ’. వరస లేకుండా ఎక్కడ పడితే అక్కడ. ఆ సాయంత్రం నాకు ఆటలో చోటే దొరకలేదు. ఇప్పుడు ఆవిడ మనవడి కోసం కాస్త ముందే వస్తున్నారు.

‘ర’ రాని పిల్లాడు

ఒకడు రాయిని ‘లాయి’ అంటాడు. వీడికి రెండూ ఒకేలా వినపడుతున్నాయా అన్నది వాళ్ళమ్మ టెన్షన్. నేను రాయి చూపించి “లాయి కావాలా?” అన్నాను. “లాయి కాదు, లాయి!” అని కోప్పడ్డాడు. జీన్ బెర్కో, రోజర్ బ్రౌన్ 1960లో రాసిన ఫిష్‌ని ‘ఫిస్’ అనే పిల్లాడి ఉదంతం అచ్చం ఇదే, పెద్దవాళ్ళు ‘ఫిస్’ అంటే వాడు ఒప్పుకోడు. చెవికి తేడా తెలుసు, నాలుక ఇంకా అక్కడికి రాలేదు, రకారం చాలామందికి ఆలస్యంగానే వస్తుంది. కాబట్టి ఈ పిల్లాడికి నోటితో చెప్పే ఆటలు తగ్గించి, చూపించే ఆటలు ఎక్కువ పెడుతున్నాను. పిలిస్తే తరచుగా పలకని, జలుబు చేసినప్పుడల్లా ‘ఆఁ?’ అనే ఇంకో పిల్ల ఉంది, ఆ అమ్మాయి విషయంలో మాత్రం ముందు చెవి పరీక్ష చేయించమని చెప్పాను. చెవి లోపల నీరు చేరితే వినికిడి తగ్గడం ఈ వయసులో మామూలే, అది ఆటలతో తీరేది కాదు.

దుప్పటి తీశాక

2000లో అమెరికాలో నేషనల్ రీడింగ్ ప్యానెల్ అనే నిపుణుల సంఘం నివేదిక, ఇలాంటి శబ్దాల శిక్షణ మీద వచ్చిన 52 అధ్యయనాలని కలిపి చూసి చెప్పినవాటిలో రెండు నాకు పనికొచ్చాయి. మొత్తం మీద 5 నుంచి 18 గంటల శిక్షణ ఇచ్చిన చోట ఫలితం బాగుంది, అంతకు మించి సాగదీస్తే పెద్ద లాభం కనిపించలేదు. రెండోది, అక్షరాలతో ముడిపెడితే ఇంకా బాగా పనిచేసింది. కాబట్టి చెవి ఆటల్ని ఏడాది పొడుగునా లాగే ఉద్దేశం లేదు. చార్టు మీద దుప్పటి తీసేశాను.

అక్షరాలతో ముడిపెట్టడానికి సోవియట్ మనస్తత్వవేత్త డానీల్ ఎల్కోనిన్ గళ్ళు పనికొచ్చాయి. ఆయన పద్ధతిలో మాటకి ఎన్ని శబ్దాలుంటే అన్ని గళ్ళు గీసి, పలుకుతూ ఒక్కో గడిలోకి ఒక్కో బిళ్ళ తోయాలి. మన కోసం కొంచెం మార్చాను: ఒక గడి ఒక అక్షరం, గడిలో రెండు రంగుల గుండీలు, హల్లుకి నీలం, అచ్చుకి ఎరుపు. ‘మాట’కి రెండు గళ్ళు, ఒక్కోదాంట్లో నీలం, ఎరుపు. మొదటి నీలం గుండీ తీసేసి చదవమంటే ‘ఆట’. ఆ గుండీ తీసే పని కోసం కొట్లాట.

తలకట్టు దగ్గర ఈ ఎర్ర గుండీ బాగా కలిసొచ్చింది. క, మ, త నెత్తిన ఉన్న తలకట్టే అకారం, అది తీసి గుడి పెడితే ‘ఇ’, ఎత్వం పెడితే ‘ఎ’, ఏదీ వద్దంటే పొల్లు. రాతలో జరిగేదే గుండీలతోనూ జరుగుతోందని పెద్ద పిల్లలు ఇద్దరు ముగ్గురు నేను చెప్పకుండానే కనిపెట్టారు. చిన్నవాళ్ళు ఇంకా గుండీల రంగుల దగ్గరే ఉన్నారు, వాళ్ళని తొందరపెట్టడం లేదు.

ముందున్న పని: ఒత్తుల మాటలకి గుండీలు ఎలా పెట్టాలో తేలలేదు. గుడ్డుకి నీలం రెండు పెట్టాలా, లేక ఖాళీ గడి ఒకటి మధ్యలో వదలాలా? రెండోదే చేతి సైగకి దగ్గరగా ఉంది కాబట్టి ముందు అది ప్రయత్నిస్తాను. జంట మాటలకి బొమ్మలు గీయాలి, ‘అలక’కి బొమ్మ ఎలా అన్నది ఇంకా ఆలోచిస్తున్నాను. తాడు ఒక చోట పీచు లేచింది, కొత్తది కొనాలి.